లేనోళ్ళ ఫోటో

ఊరి పేరుతో పని లేదు. దోర్నపాల్‌లో కొంటా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. చింతపండు బుట్టలు, కోళ్ల గంపలు, ఇప్పపువ్వు సంచులు దించుకుంటూ జనం రోడ్డుకి అడ్డంగా ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగిపోండి. సంత రోజైతే అదే ఆ ఊరు. సంత లేని రోజు దిగారో, మళ్లీ బస్సొచ్చేదాకా టీ కొట్టు నాగేశ్వరమ్మ కబుర్లే గతి. సంత గేటుకి సరిగ్గా ఎదురుగా ఒక రేకుల షెడ్డు, దాని నెత్తిన తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ‘కృష్ణా ఫోటో స్టూడియో’ అని రాసిన బోర్డు కనిపిస్తాయి. మూడింట్లోనూ ఒక్కో అక్షరం తప్పు. రాసిన పెయింటరుకి ఏ భాష మీదా పక్షపాతం లేదన్నమాట.

ఆ షెడ్డు కృష్ణకుమారిది. జుట్టు నెరిసింది గానీ ప్రశ్నలు నెరవలేదని ఆవిడ భర్త ఉపేంద్ర అంటాడు. ఆయన సుక్మా రోడ్డు మీద జీపు నడుపుతాడు. పెళ్లిచూపుల్లో అందరూ పిల్ల తల వంచుకుని కూర్చుంటుందనుకుంటే, ఆవిడ తలెత్తి గేరు మారిస్తే లోపల ఏమవుతుందని అడిగిందట. ఆయన అప్పటిదాకా గేరు మార్చడమే తప్ప లోపల ఏమవుతుందో ఆలోచించినవాడు కాడు. ఆ రోజు తడబడ్డవాడు ఇప్పటికీ ఆమె ముందు కాస్త తడబడుతూనే ఉంటాడు.

గేటు పక్కన ఇనుప స్తంభం నిలబెట్టిన రోజు ఊళ్లో తలో మాటా అన్నారు. కరెంటు వాళ్లదన్నారు, ఫోన్ టవరుకి పిల్ల పుట్టిందన్నారు. మంత్రిగారొస్తే మైకు కట్టడానికని నాగేశ్వరమ్మ తేల్చేసింది. కృష్ణకుమారి మాత్రం గిరాకీని కుర్చీలో అలాగే వదిలేసి రోడ్డు దాటి వెళ్లి, నిచ్చెన మీదున్న పనివాణ్ణి అడిగింది. పైన బిగిస్తున్నవి కెమెరాలని చెప్పాడు. ఏం చూస్తాయంటే గేట్లోంచి పోయేవాళ్ల ముఖాలన్నాడు. చూసి ఏం చేస్తాయంటే, బిగించడం వరకే తన పని, చూడటం వాటి పని అన్నాడు. ఆ జవాబు ఆవిడకి చాల్లేదు. ముఖాలు తీసే పని తనది కూడా. ముఖం తీసినవాళ్లు దాన్ని ఏదో ఒకటి చేస్తారు కదా, ఊరికే చూసి వదిలెయ్యరు కదా అని ఆవిడకి పట్టుకుంది.

ఆవిడ పుట్టింది కొంటా దాటాక తెలంగాణ సరిహద్దుకి ఆనుకున్న పల్లెలో. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలంలో కూలివాళ్లతో దోర్లీ. మూడు భాషల్లోనూ ‘ఎందుకు’ అనడం ముందుగా నేర్చుకుందని వాళ్లమ్మ విసుక్కునేది. ఈ పిల్లతో వేగలేక భద్రాచలంలో ఉన్న మేనమామ రాఘవులు ఇంటికి పనిసాయానికి పంపారు. రాఘవులికి స్టూడియో ఉండేది. రాములవారి దర్శనానికొచ్చిన వాళ్లకి ఫోటోలు తీసేవాడు. ఫోటోలు కడిగే చీకటి గది తలుపు దగ్గర నిలబడి ఈ పిల్ల లోపలున్న మనిషిని ప్రశ్నలతో చంపుతుంటే, బయట నిలబెట్టి జవాబు చెప్పడం కన్నా లోపలికి రానిచ్చి పని చెప్పడం సుఖమని ఆయనకి తోచింది. అలా నీళ్లలో తెల్ల కాగితం మీద మనిషి మెల్లగా తేలి రావడం చూసింది కృష్ణకుమారి. చూసిన మొదటిరోజు భయమేసి, సంతోషమూ కలిగి, ఏడ్చేసింది.

రాఘవులు పెద్దగా నియమాలున్న మనిషి కాదు. రెండే గట్టిగా పట్టుకున్నాడు. ఒకటి, ‘తీస్తున్నా’ అని చెప్పి, ఎదుటివాళ్లు తలూపాకే బటన్ నొక్కాలి. చంటిపిల్ల అయితే తల్లి తలూపాలి. రెండోది, ఫోటో మీద ఎన్ని మెరుగులైనా పెట్టు గానీ కళ్ల జోలికి పోకు. కళ్లు ముట్టుకుంటే కాగితం మీద మనిషి మిగలడు, బొమ్మ మిగులుతుందనేవాడు. ఆయన వెళ్లిపోయాడు, చీకటి గదులూ వెళ్లిపోయాయి, కంప్యూటరొచ్చింది. కృష్ణకుమారి ఆ రెండూ వదల్లేదు. ఆధార్‌కనీ రేషన్‌కనీ బ్యాంకుకనీ ఫోటో కోసం అడివి లోపలి పల్లెల నుంచి వచ్చేవాళ్లకి మేకుకి తగిలించి ఉన్న తెల్ల చొక్కా తొడిగి, కాలరు సర్ది, వాళ్ల భాషలో చెప్పి, తలూపేదాకా ఆగుతుంది. వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కున్నా ఆగుతుంది.

ఆవిడ చేసే ఫోటోల్లో ఇంకో రకం ఉంది. దాన్ని అక్కడందరూ ‘లేనోళ్ళ ఫోటో’ అంటారు. లేనివాళ్లంటే డబ్బు లేనివాళ్లు కాదు, అసలు తామే లేకుండా పోయినవాళ్లు. తండ్రి పోయాడు, బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. గోడకి పెట్టుకుని దణ్ణం పెట్టుకుందామంటే ముఖం లేదు. అప్పుడు పిల్లల్లో ఎవరికి ఆయన పోలిక వచ్చిందో వాళ్లని తీసుకొస్తారు. కృష్ణకుమారి ఆ కొడుకుకో మనవడికో ఫోటో తీసి, కంప్యూటర్లో జుట్టు నెరిపించి, చెంపలు లోపలికి లాగి, తలపాగా చుట్టి, చుట్టూ నిలబడ్డవాళ్లు ‘ముక్కు అంత కాదు’, ‘నుదురు ఇంకా పెద్దది’ అంటుంటే దిద్దుకుంటూ పోతుంది. ఒక్క కళ్లు మాత్రం బతికున్నవాళ్లవి బతికున్నట్టే ఉంచేస్తుంది. ఇందులో దాపరికం లేదు, మోసం లేదు. ఆ చుట్టుపక్కల సగం గోడల మీద ఉన్న తాతలకి మనవల కళ్లే ఉన్నాయి. దణ్ణం పెట్టేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

కొన్నేళ్ల కింద ఇర్మె అనే ఆవిడ వచ్చిందీ అందుకే. భేజ్జి వైపు పల్లె. పక్కన చిన్న కొడుకు ముయా, అప్పటికింకా మూతి మీద నూగు కూడా లేనివాడు. పెద్దవాడు లక్ష్మణ్ మిరపకాయలు ఏరడానికి ఊరివాళ్లతో కలిసి తెలంగాణ వైపు వెళ్లాడు. కోతలయ్యాక అందరూ వచ్చారు, వాడు రాలేదు. ఇంకో మేస్త్రీతో ఇంకెక్కడికో పనికి పోయాడని కొందరన్నారు. బస్టాండులో తప్పిపోయాడని కొందరు. ‘పోయిండని ఎవళ్లూ చెప్పలే. వస్తడనీ చెప్పలే’ అంది ఇర్మె. ఆవిడకి తెలుగు కొంచెం వచ్చు, దోర్లీలో కలిపి మాట్లాడుతుంది. లక్ష్మణ్‌కి ఎక్కడా ఫోటో లేదు. ఫోటో ఉంటే అడగడానికి వీలుంటుంది, చూపించి వెతకడానికి వీలుంటుందని ఎవరో చెప్పారట.

కృష్ణకుమారి ముయాకి తెల్ల చొక్కా తొడిగి ఫోటో తీసి, తల్లిని కంప్యూటరు పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టుకుంది. మీసం కొద్దిగా పెట్టమంది ఇర్మె. చెంపలు జెర లోపలికి. గడ్డం కింద చిన్నప్పుడు కొడవలి తగిలిన గీత. కళ్లు ఎట్లా ఉంటాయి పెద్దమ్మా అంటే, వీడి కండ్లే వాడియి అంది. దిద్దడం అయిపోయాక ఇర్మె తెర మీద వేలు పెట్టి ఆ గీతని తడిమింది. ఏడుస్తుందేమో అనుకుంది కృష్ణకుమారి. ఇర్మె ఏడవలేదు. ‘వచ్చిండు’ అంది. ఫోటోలు రెండు కావాలంది. ఒకటి ఇంటికని తెలుస్తూనే ఉంది. రెండోది ఎక్కడికని అడగడం, అన్నీ అడిగే కృష్ణకుమారికి ఆ పూట తోచలేదు.

స్తంభం వచ్చాక గేటు పక్కన ఒక డబ్బా గది కూడా వెలిసింది. అందులో సతీష్ అని రాయపూర్ వైపు కుర్రాడు కాంట్రాక్టు మీద కంప్యూటరు ముందు కూర్చుంటాడు. హిందీ తప్ప ఇంకోటి రాదు. అడివి లోపలి నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా రోడ్డుకి ఇవతల ఉన్న కృష్ణకుమారిని ‘దీదీ’ అని కేకేస్తాడు. ఆవిడకి కావలసిందీ అదే. మాట తెలుగులోకో దోర్లీలోకో తిప్పి చెప్పి వచ్చేస్తే ఆవిడ కృష్ణకుమారి ఎందుకవుతుంది. తెర మీద ఆ గళ్లు ఏంటి, ముఖం చుట్టూ ఆకుపచ్చ గీత ఎందుకు, ఎర్రది ఎప్పుడు వస్తుంది అని ఒక్కో పూట ఒక్కోటి లాగేది. సతీష్ కూడా చెప్పడానికి ముఖం వాచినవాడే. అంత దూరం వచ్చి డబ్బా గదిలో కూర్చుంటే, అతని పని గురించి ఆసక్తిగా అడిగినవాళ్లు ఆవిడ తప్ప ఎవరూ లేరు.

సంతలో అందరూ ఆవిడలా లేరు. చేతుల్లో కోడిపుంజులున్నవాళ్లు స్తంభం కింద ముఖం పక్కకి తిప్పుకుని పోయేవారు. కొందరు గేటు మానేసి వెనక చేనుగట్టు మీద నుంచి చుట్టు తిరిగి వచ్చేవారు. దాని కింద నవ్వితే పళ్లు ఊడతాయని పిల్లల్లో ఒక మాట పుట్టింది. ఇవి విని మొదట నవ్విన కృష్ణకుమారి తర్వాత ఆలోచనలో పడింది. తన షెడ్డులో కుర్చీలో కూర్చుని తల గట్టిగా ఊపే ఇదే జనం, అక్కడ తల దించుకుని పోతున్నారు. అక్కడ వాళ్లని ఎవరూ అడగలేదు మరి.

ఒక సంత రోజు ముయాని గేటు దగ్గర ఆపేశారు. ఇప్పుడతను పెద్దవాడయ్యాడు, మీసం వచ్చింది, చింతపండు కావడి భుజాన వేసుకుని ఒక్కడే వస్తాడు. అక్కడ కాపలా ఉన్న గార్డు ‘లక్ష్మణ్?’ అన్నాడు. కాదు, ముయా అన్నాడితను. తెర మీద లక్ష్మణ్ అనే ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే అదీ నిజమే, ఇదీ నిజమే అన్నట్టు చూసి, పైవాళ్లకి ఫోను కలిసేదాకా బెంచీ మీద కూర్చోమన్నారు. పైవాళ్లకి ఫోను సాయంత్రానికి గానీ కలవలేదు. అప్పటికి సంత అయిపోయింది, ఇక పొమ్మని వదిలేశారు. పై సంతకీ అలాగే ఆపారు. కృష్ణకుమారి ఆ రెండుసార్లూ ఊళ్లో లేదు, అక్క కూతురి పురుడని చర్ల వెళ్లింది. లేకపోతే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఎందుకంటే ఈలోపు మాట భేజ్జి దారి పట్టింది. సంత నుంచి తిరిగెళ్లినవాళ్లు దాన్ని మోసుకుపోయారు. దారిలో ముయా పేరు ఎక్కడో జారిపోయింది, లక్ష్మణ్ పేరు మిగిలింది. ఇర్మె ఇంటికి చేరేసరికి ఆ మాట, నీ పెద్దకొడుకు అంగడి కాడ దొరికిండంట, మిషను పట్టిందంట అన్నట్టుగా తయారైంది. ముయా ఎంత చెప్పినా ఇర్మె వినిపించుకోలేదు. నువ్వు నువ్వే, నువ్వు దొరికేదేంది అందట.

పై సంతకి ఆవిడ కూడా బయల్దేరింది. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. సొరబుర్ర నిండా జావ పోసుకుంది, కొడుకు ఆకలి మీద ఉంటాడని. ముయా వెనకే కావడితో నడిచాడు. గేటు దగ్గర గార్డులు మామూలుగా ముయాని ఆపి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇర్మె డబ్బా గది గుమ్మంలో నిలబడి లోపల నలుమూలలా చూసింది. ఇర్మె దోర్లీలో ఏదో అడుగుతోంది, సతీష్ హిందీలో ఏదో చెబుతున్నాడు. అతనికి అర్థమైందల్లా ఈమె తప్పిపోయిన మనిషి తల్లి అని. సంబరంగా కృష్ణకుమారిని కేకేశాడు. ఆవిడ రాగానే, ఇన్నాళ్లకి తన యంత్రం ఒక మంచి పని చేసిందనీ, తప్పిపోయినవాళ్ల ఫోటోల్లో ఒకటి కలిసిందనీ, కొడుకు దొరికాడని తల్లికి చెప్పమనీ అన్నాడు.

కృష్ణకుమారి వెంటనే చెప్పెయ్యలేదు. ఇర్మె ఎవరో గుర్తొచ్చింది, బెంచీ మీద ఉన్నది ముయా అనీ కనిపిస్తోంది. ముందు ఆ ఫోటో చూపించమంది. సతీష్ తెర తిప్పాడు. ఒక పక్క పొద్దున గేట్లో పడ్డ ముయా ముఖం, ఇంకో పక్క లక్ష్మణ్. తెల్ల చొక్కా. గడ్డం కింద గీత. తను దిద్దిన మీసం. ఆ మీసం అప్పుడు ఊహించి పెట్టింది, ఇప్పుడది ముయాకి అచ్చు అలాగే మొలిచింది. తన చేతి పని తనకి తెలియదా. ఆ రెండో కాగితం తప్పిపోయినవాళ్ల కేసులోకి వెళ్లి, ఎన్నో చేతులు మారి ఈ తెర మీదకి వచ్చిందని ఆ క్షణాన తెలిసింది.

అంత గాబరాలోనూ ఆవిడలోని పాత పురుగు ఊరుకోలేదు. నిజం చెప్పాలంటే అదే నయమైంది. ఈ యంత్రం ముఖంలో దేన్ని చూసి ఇద్దరూ ఒకటే అంటోందని సతీష్‌ని అడిగింది. అతను ఓపిగ్గా చెప్పాడు. రంగు, జుట్టు, మీసం అది పెద్దగా పట్టించుకోదట. కంటికీ కంటికీ మధ్య ఎడం, కంటి నుంచి ముక్కు కొస దాకా ఎంత, అలాంటివి కొలుచుకుంటుందట. అవి మనిషి పెరిగినా త్వరగా మారవట. ఇక్కడ నూటికి ఎనభై పైన కలిసిందని గర్వంగా చూపించాడు. ఓహో, అంది కృష్ణకుమారి. మామయ్య ముట్టుకోవద్దన్నవీ ఇది పట్టుకున్నవీ ఒకటే. మామయ్య ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంది, అనుకుని సిగ్గుపడింది. పక్కన ఇర్మె తన నోటి వంక చూస్తూ నిలబడి ఉంది.

అప్పుడు తన సంగతి సతీష్‌కి చెప్పింది. లేనోళ్ళ ఫోటో అంటే ఏంటో, లక్ష్మణ్‌కి ఎవరి కళ్లు పెట్టిందో. అతను ముందు నవ్వాడు. తర్వాత బెంచీ వైపు చూసి నవ్వు ఆపేశాడు. యంత్రం తప్పు చేసిందనడానికి లేదు, ముయాని సరిగ్గానే గుర్తుపట్టింది. దానికి లక్ష్మణ్ అని చెప్పింది మనుషులు.

ఇర్మెకి చెప్పాల్సిన పని కృష్ణకుమారి మీద పడింది. ఆవిణ్ణి బెంచీ మీద ముయా పక్కన కూర్చోబెట్టి, తను ముందు గొంతుక్కూర్చుని, మెల్లగా చెప్పింది. దొరికింది వీడే పెద్దమ్మా, వాడు కాదు. మనం పెట్టిన కళ్లు చూసి మిషను వీణ్ని వాడనుకుంటోంది. ఇర్మె సొరబుర్ర మూత తీసి జావ ముయాకి ఇచ్చింది. వాడికి ఆకలి లేదు, అయినా తాగాడు. కృష్ణకుమారికి దుఃఖం ముంచుకొచ్చింది. నాలుగు మాటల్లో ఒక తల్లి దగ్గరి నుంచి కొడుకుని రెండోసారి లాగేసుకున్నట్టనిపించింది.

తర్వాత ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. సతీష్ పైకి ఫోన్ చేశాడు. ముయాని ఇక ఆపకూడదంటే ఒకటే దారి అన్నారట వాళ్లు. తప్పిపోయిన కేసులోంచి ఆ ఫోటో తీసెయ్యాలి, తీసెయ్యమని ఫోటో ఇచ్చినవాళ్లే అడగాలి. తీసేస్తే లక్ష్మణ్ కోసం యంత్రం ఇక చూడదు. లక్ష్మణ్‌ది వేరే ఫోటో ఇస్తే పెట్టుకుంటుంది. వేరే ఫోటో ఈ లోకంలో లేదు.

కృష్ణకుమారి ఇదంతా తల్లీకొడుకులకి తిప్పి చెప్పి, ఊరుకోలేక సతీష్‌ని ఇంకా అడిగింది. గేట్లోంచి పోయేవాళ్లని ఎవరైనా అడిగారా ముఖం తీసుకుంటామని? పడ్డ ముఖం ఎన్నాళ్లు ఉంటుంది? తప్పు పడితే ముయాలాంటివాడు ఎవరి దగ్గరికి పోవాలి? ఇవన్నీ ఏ రూల్‌లో ఉన్నాయి? సతీష్‌కి కోపం రాలేదు. ట్రైనింగులో తనూ ఇదే అడిగానన్నాడు. రూల్స్ వస్తాయి, ముందు పని మొదలుపెట్టండి అన్నారట. కెమెరా వచ్చేసింది, రూల్స్ ఇంకా దారిలో ఉన్నాయి దీదీ అన్నాడు. దోర్నపాల్ బస్సులో వస్తున్నాయేమో అంది ఆవిడ. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ముయా సొరబుర్ర కింద పెట్టి, తీసెయ్యొద్దు అన్నాడు.

‘ఉండనీ అక్కా. వారం వారం కూసుంట. కూసుంటే నాదేం బోయింది. అన్న పేరు పెట్టి పిలుస్తున్నరు గదా, పిలవనీ.’

ఇర్మె కొడుకు తల మీద చెయ్యి వేసి, వద్దు అంది. వాడికోసం వీణ్ని బెంచీకి కట్టెయ్యనంది. ఒక్క ఊరితో పోతుందా, రేపు వీడు కూలికి ఇంకో ఊరు పోతే అక్కడా ఇట్లాంటి గుంజ ఉంటే అక్కడా ఆపుతారు, అప్పుడు నేను పక్కన ఉంటనా అంది. కృష్ణకుమారి అన్ని ప్రశ్నలు వేసి కూడా ఆ ఒక్కటి ఆలోచించలేదు. అలా అని ఇర్మె ఊరుకోలేదు. కృష్ణకుమారి చెయ్యి పట్టుకుని తన ముఖం వైపు చూపించుకుంది.

‘నా కండ్లు పెట్టు బిడ్డా. వాడు నా కడుపుల పుట్టినోడే గదా. నావి పెట్టి ఇంకోటి చెయ్యి.’

‘చేస్తే నిన్ను ఆపుతది పెద్దమ్మా.’

‘ఆపనీ. ముసలిదాన్ని, కూసుంట.’

కృష్ణకుమారికి చేతులు ఊరుకోలేదు. చెయ్యగలదు. ఇర్మె కళ్లు పెట్టి, ముడతలు తీసేసి, మీసం పెట్టి, గడ్డం కింద గీత గీసి సాయంత్రానికల్లా లక్ష్మణ్‌ని నిలబెట్టగలదు. ఆ పని తెలిసినవాళ్లు ఆ రోడ్డు మీద ఇంకొకళ్లు లేరు. చేసి ఇచ్చేద్దామని కూడా ఒక్క నిమిషం అనిపించింది. కానీ ఒక ఊహ వచ్చి ఆవిణ్ణి ఆపింది, అదే ఇర్మెకీ చెప్పింది.

‘నువ్వీడ బెంచీ మీద కూసున్న పొద్దే వాడు గేట్లకెళ్లి పోయిండనుకో. నీ కండ్లు గదా, అది నిన్నే చూస్తది. వాణ్ని ఎవరు చూడాలె?’

ఇర్మె ఆలోచించింది. బయట సంత గోల, కోళ్ల అరుపులు, మిరపకాయల ఘాటు డబ్బా గదిలోకి వస్తున్నాయి. కృష్ణకుమారి తొందర పెట్టలేదు, కుర్చీలో కూర్చున్నవాళ్లు తలూపేదాకా ఆగినట్టే ఆగింది. చాలాసేపటికి ఇర్మె తలూపి బొటనవేలు ముందుకి చాపింది. సతీష్ ఇంకు డబ్బా తెరిచాడు. తెర మీద లక్ష్మణ్ ఉన్న చోట ఒక ఖాళీ గడి వచ్చింది.

ఆ తర్వాత కృష్ణకుమారి స్టూడియోలో లేనోళ్ళ ఫోటోలు మానలేదు. గోడకి కావాలంటే చేస్తుంది. రెండో కాగితం అడిగితే మాత్రం ఎక్కడికని అడుగుతుంది, ఆఫీసుకంటే చెయ్యదు. ఇంకో పని కూడా చేసింది. ఒక అట్ట మీద, ఈ స్తంభం మీది కెమెరా మీ ముఖం చూసి గుర్తుపెట్టుకుంటుంది, ఇష్టం లేనివాళ్లు ఎందుకని అడగవచ్చు అని తెలుగులోనూ హిందీలోనూ రాసి తన షెడ్డు ముందు కట్టింది. చదవడం రానివాళ్లకి చదివి వినిపిస్తోంది. ఇది తీయించెయ్యాలా అని గార్డు సతీష్‌ని అడిగాడట. బోర్డు పెట్టాలన్న రూలూ లేదు, పెట్టకూడదన్న రూలూ లేదు, ఉండనీ అన్నాడట సతీష్. అక్షరాలు ఈసారి ఆవిడే రాసుకుంది కాబట్టి తప్పులు తక్కువే.

పై సంతకి ముయా కావడితో గేట్లోంచి నడిచి వెళ్లాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు. అతనే ఒక్క క్షణం ఆగి స్తంభం పైకి చూసి, లోపలికి పోయాడు. వెనకే బుట్టతో ఇర్మె వచ్చింది. చింతపండు అమ్మేవాళ్ల వరస లోపల ఉంటుంది. ఆవిడ లోపలికి పోలేదు. స్తంభం మొదట్లో గోనె పరిచి, గేటు వైపు తిరిగి కూర్చుంది. అక్కడ ఎండ, దుమ్ము, కొనేవాళ్లు ఆగరు. కృష్ణకుమారి రోడ్డు దాటి వెళ్లి, ఇక్కడెందుకు కూర్చున్నావు పెద్దమ్మా, నీడకి పోరాదా అని అడిగింది.

ఇర్మె గేటు మీద నుంచి చూపు తిప్పలేదు. వచ్చే ప్రతి మనిషి ముఖమూ చూస్తూనే, తల కొంచెం ఎత్తి పైన కెమెరా వైపు గడ్డంతో చూపించింది.

‘దానికి వాడి మొఖం తెలవదు గదా బిడ్డా. నాకు తెలుసు’ అంది.